తీగ చీలిస్తే ఒకే బొమ్మ!

తెనాలి బోసు రోడ్డు పక్క సందులోకి వెళ్లి ‘టీవీ బాబాయి ఇల్లెక్కడ?’ అనడిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు దగ్గరుండి దిగబెడతారు. కొట్టు మూసేసి ఏళ్లు గడిచినా పేరు మాత్రం పోలేదు.

1985లో, ఇరవై రెండేళ్ల వయసులో ఆయన స్క్రూడ్రైవరు పట్టారు. 1987లో దూరదర్శన్‌లో ‘రామాయణం’ మొదలయ్యాక ఆదివారం పొద్దున ఆయన దొరకడమంటే మాటలు కాదు. డాబా మీద నిలబడి ఆయన యాంటెన్నా తిప్పుతుంటే కింద నుంచి పిల్లలు ‘‘వచ్చింది బాబాయ్... వచ్చింది... అయ్యో, మళ్లీ చుక్కలు!’’ అని అరిచేవారు. ఆ తర్వాత కేబుల్ వచ్చింది. డిష్ వచ్చింది. గోడకి అతుక్కుపోయే పల్చటి టీవీలు వచ్చాయి. అవి పాడైతే ‘ప్యానెల్ పోయిందండీ, కొత్తది కొనుక్కోండి’ అని చెప్పడం తప్ప చేతిలో పనేమీ మిగల్లేదు. 2016లో కొట్టు ఖాళీ చేసి, మల్టీమీటరునీ సోల్డరింగ్ ఐరన్‌నీ ఓ రేకుపెట్టెలో పెట్టి అటకెక్కించేశారు. ‘‘ఈ విద్య నాతోనే సరి’’ అన్నారు భార్యతో. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి ఇద్దరూ అన్నం సరిగ్గా తినలేదు.

2024 జూలైలో పెద్దమ్మాయి అయిదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని హైదరాబాద్ నుంచి పుట్టింటికి వచ్చింది. రెండు బట్టల బ్యాగులు, ఆఫీసువాళ్లిచ్చిన ల్యాప్‌టాప్, దుప్పట్లలో చుట్టిన రెండు మానిటర్లు. ఒకటి అల్లుడిది, రెండోది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పిల్లాడు పుట్టినప్పుడు మానేసిన ఉద్యోగం ఇన్నాళ్లకి మళ్లీ దొరికింది. ఇంటి నుంచే పని. అల్లుడి కంపెనీ మూతపడి నెలలు గడిచాయి. ఇంటి అద్దె, బండి వాయిదాలు ఆగవు కదా. పిల్లాణ్ని చూసుకోవడానికి అమ్మానాన్నలుంటారని ఇక్కడికి వచ్చింది.

చేసే పని మెడికల్ కోడింగ్. అమెరికాలో డాక్టర్లు రాసిన రోగుల వివరాలు చదివి, ఒక్కో జబ్బుకీ సరైన కోడ్ వేయాలి. బీమా కంపెనీ డబ్బు చెల్లించేది దాన్ని చూసే. ఒక్క జబ్బుల కోడ్లే దాదాపు డెబ్భై వేలు. కుడి మోకీలు అరిగితే ఒక కోడ్, ఎడమది అరిగితే మరో కోడ్. చివరి అంకె ఒక్కటే తేడా. అందుకే కోడర్లు ఒక తెర మీద రోగి చార్టు, మరో తెర మీద కోడ్ల పట్టిక తెరిచిపెట్టుకుని, ల్యాప్‌టాప్‌లో నమోదు చేస్తారు. మొదటి నెల పరీక్ష. నూటికి తొంభై అయిదు పాళ్లు తప్పుల్లేకుండా చేస్తేనే ఉద్యోగం ఖాయం.

వచ్చిన మర్నాడే చిక్కొచ్చి పడింది. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ కన్నం ఒక్కటే ఉంది. ఒక మానిటర్ తగిలించింది, వెలిగింది. మరి రెండోది? ఆఫీసుకి ఫోన్ చేస్తే ‘‘మానిటర్లు మీ సొంతం కదండీ, అవి మా పరిధిలోకి రావు’’ అన్నారు. ఆన్‌లైన్లో వెతికి ఓ స్ప్లిట్టర్ తెప్పించింది. ఒక కేబుల్ లోపలికి, రెండు కేబుళ్లు బయటికి. రెండు తెరలూ వెలిగాయి. కానీ రెండింటి మీదా ఒకటే బొమ్మ! ఎడమ తెర మీద చార్టు తెరిస్తే కుడి తెర మీదా అదే చార్టు. సెట్టింగులన్నీ తిరగేసింది. ఊహూ...

వెనకనుంచి చూస్తున్న నాన్న నోరు ఊరుకోక ‘‘తీగని చీలిస్తే ఒకే బొమ్మే వస్తుందమ్మా’’ అన్నారు.

‘‘నీకు తెలీదులే నాన్నా. ఇది టీవీ కాదు.’’

విసుగులో అన్నమాటే. ఆయన మారు మాట్లాడకుండా మనవణ్ని ఎత్తుకుని కాలవగట్టు వైపు వెళ్లిపోయారు. వంటింట్లోంచి తల్లి తొంగిచూసి, మళ్లీ పోపులో పడింది.

ఈసారి యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ ఒకటి వచ్చింది. అది పనిచేయాలంటే ల్యాప్‌టాప్‌లో ఓ సాఫ్ట్‌వేర్ వేయాలి. ఆ సాఫ్ట్‌వేర్ బొమ్మని కుదించి మామూలు సమాచారంలా పంపిస్తే, అడాప్టర్‌లోని చిప్ దాన్ని మళ్లీ బొమ్మగా విప్పుతుంది. ఉపాయం మంచిదే. కానీ అది ఆఫీసు ల్యాప్‌టాప్. రోగుల వివరాలుంటాయి కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ వేయనివ్వదు. ఆ ఆశా పోయింది. చివరికి ఫోన్ చార్జింగ్ కేబుల్‌ని టైప్-సి కన్నంలో పెట్టి కూడా చూసింది. ఉలుకూ పలుకూ లేదు.

ఇలా వారం గడిచింది. ఒక్క తెర మీదే చార్టూ పట్టికా మార్చి మార్చి చూస్తూ రాత్రి పన్నెండింటి దాకా పని చేసేది. శనివారం ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. కుడి మోకాలి రోగికి ఎడమ మోకాలి కోడ్ పడింది. అలాంటివే మరో నాలుగు. వారం మొత్తానికి తొంభై ఒక్క శాతం. ‘ఇంకా మూడు వారాలున్నాయి, జాగ్రత్త’ అని కింద ఓ వాక్యం. అన్నం కంచం ముందు కూర్చుని అమ్మాయి ఏడ్చేసింది. పిల్లాడు బిక్కమొహం వేసుకుని తాతయ్య వైపు చూశాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఆయన లేచారు. అటక మీంచి రేకుపెట్టె దించారు. అందులోని భూతద్దం తీసి, టార్చిలైటు వెలుగులో ల్యాప్‌టాప్ అంచుల్ని ఒక్కో కన్నం చొప్పున చూశారు. కోలగా ఉన్న టైప్-సి కన్నాలు రెండున్నాయి. చూడ్డానికి కవల పిల్లలే. కానీ ఒకదాని పక్కన త్రిశూలంలాంటి గుర్తు, రెండోదాని పక్కన ‘డి’ అక్షరం కడుపులో ‘పి’ ఇరికించినట్టున్న గుర్తు. రెండింటినీ క్యాలెండరు కాగితం వెనక బొమ్మ గీసుకున్నారు.

ఒకప్పుడు ఆయన దగ్గర సోల్డరింగ్ నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు గుంటూరులో కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. తెల్లారగానే అతనికి ఫోన్ వెళ్లింది.

‘‘గురువుగారూ! ఆ డీ, పీ గుర్తుంటే మీ పని అయిపోయినట్టే. దాన్ని డిస్‌ప్లేపోర్ట్ అంటారు. ఆ కన్నంలోంచి బొమ్మ బయటికొస్తుంది. త్రిశూలం ఒక్కటే ఉంటే, ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన వివరాల్లో వేరుగా రాసుంటే తప్ప, సమాచారం మాత్రమే అనుకోండి. మెరుపు గుర్తు కనిపించిందనుకోండి, మామూలుగా అది థండర్‌బోల్ట్. అందులోంచీ బొమ్మ వస్తుంది.’’

‘‘మరి అమ్మాయి టైప్-సి తీగ పెట్టి చూసింది కదరా?’’

‘‘అది ఫోన్ చార్జింగ్ తీగ అయ్యుంటుందండీ. ఆకారం ఒకటే, లోపల తీగలు తక్కువ.’’

లెక్క వేస్తే ఆ కుర్రాడి మాట ఎంత నిజమో తెలుస్తుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. సెకనుకి అరవైసార్లు బొమ్మ మారుతుంది. అంటే సెకనుకి 12 కోట్ల 44 లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకి రంగు చెప్పడానికి 24 బిట్లు. మొత్తం కలిపితే సెకనుకి దాదాపు 300 కోట్ల బిట్లు. ఫోన్లతో వచ్చే చాలా చార్జింగ్ కేబుళ్లు యూఎస్‌బీ 2.0 రకం. వాటి గరిష్ఠ వేగం 48 కోట్ల బిట్లు. పంట బోదెలోకి కృష్ణా కాలవ మళ్లించినట్టే!

‘‘రెండు తెరల మీద రెండు బొమ్మలు కావాలంటే రెండు దార్లు ఉండాల్సిందేనా?’’ బాబాయి అసలు ప్రశ్న అడిగారు.

‘‘ఒకే తీగలోనూ పంపొచ్చండీ. మన కేబుల్ టీవీ గుర్తుందా? ఒకే తీగలో ఇన్ని ఛానళ్లు వచ్చేవి. ఏ ఇంట్లో టీవీ ఆ ఛానల్ ఏరుకునేది. 2010 ప్రాంతం నుంచీ డిస్‌ప్లేపోర్ట్‌లో అలాంటి పద్ధతే ఉంది, ఎంఎస్‌టీ అంటారు. దానికి వేరే హబ్ కావాలి. మీకెలాగూ హెచ్‌డీఎంఐ ఒక దారి, టైప్-సి ఒక దారి ఉన్నాయి. టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే కన్వర్టర్ ఒక్కటి చాలు.’’

ఆయనకి చప్పున 1987 గుర్తొచ్చింది. యాంటెన్నా ఒక్కటే ఉన్న డాబాలో కిందివాటాకీ పైవాటాకీ తీగ చీల్చి ఇచ్చిన రోజులు. చీలిస్తే సిగ్నల్ బలం సగమయ్యేది, బూస్టరు పెట్టి లాగేవారు. కానీ ఎంత బూస్టరు పెట్టినా రెండిళ్లలోనూ కనిపించేది ఒకటే రాముడు! స్ప్లిట్టర్ చేసేదీ ఆ పనే. ఉన్న బొమ్మని పంచుతుంది. కొత్త బొమ్మని పుట్టించలేదు.

పది గంటలకల్లా గుంటూరు బస్సెక్కి, మధ్యాహ్నం భోజనాల వేళకి కన్వర్టర్‌తో తిరిగొచ్చారు. అమ్మాయి చేతిలో పెట్టి ‘‘ఈ గుర్తున్న దాంట్లో పెట్టి చూడమ్మా’’ అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. ఆయనే టేబుల్ కింద దూరి మానిటర్ వైపు కొస బిగించారు.

‘‘వచ్చిందా?’’

‘‘రాలేదు నాన్నా... ఆగు... ’’

‘‘వచ్చింది తాతయ్యా!’’ పిల్లాడు గంతులేశాడు.

తెర వెలిగింది గానీ మళ్లీ పాత కథే, అన్నిటి మీదా ఒకే బొమ్మ. అమ్మాయి మొహం వాడిపోయింది. గుంటూరు కుర్రాడు ఫోన్లోనే ఉన్నాడు. ‘‘అక్కా, విండోస్ గుర్తున్న మీట నొక్కిపెట్టి ‘పి’ నొక్కండి. నాలుగు వస్తాయి. డూప్లికేట్ మీద ఉండుంటుంది, ఎక్స్‌టెండ్ పెట్టండి.’’ పెట్టింది. మూడు తెరలు, మూడు బొమ్మలు! కన్వర్టర్ వేరే దారి చూపించింది, ఈ మీట ఆ దారిలో వేరే బండిని నడిపించింది. రెండిట్లో ఏది లేకపోయినా పని జరగదు.

ఇంకో చిన్న తిరకాసు మిగిలింది. మౌస్‌ని కుడికి తోస్తే బాణం ఎడమ తెరలో తేలుతోంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో 1, 2, 3 అంకెలున్న డబ్బాలుంటాయి. ‘ఐడెంటిఫై’ నొక్కితే ఏ తెర అంకె ఏదో దాని మీదే పెద్దగా కనిపిస్తుంది. టేబుల్ మీద తెరలు ఏ వరసలో ఉన్నాయో డబ్బాల్ని కూడా ఆ వరసలోకి లాగి పెడితే సరి. ‘‘పాపం దీనికీ కుడీ ఎడమా తెలీలేదు’’ అన్నారు నాన్న. వారం రోజుల తర్వాత అమ్మాయి మొదటిసారి నవ్వింది.

సోమవారం కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచింది గానీ మానిటర్లు రెండూ ఆరిపోయి, తెరిచినవన్నీ ఒక్క తెర మీదికి వచ్చి పడ్డాయి. సాయంత్రానికల్లా ఆయన మానిటర్ల ప్లగ్గుల్ని ఇన్వర్టర్ లైన్లోకి మార్చేశారు. ఆ సైజు మానిటర్ ఒక్కోటి ఇరవై వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. రెండూ కలిపినా పాత సీలింగ్ ఫ్యానంత ఖర్చుండదు.

నెలాఖరుకి ఉద్యోగం ఖాయమైందని మెయిల్ వచ్చింది. చివరి వారం తొంభై ఏడు శాతం. మెయిల్‌ని అమ్మాయి నాన్నకి చదివి వినిపించింది. ‘‘ఆ రోజు అలా అనుండాల్సింది కాదు నాన్నా’’ అంది. ‘‘ఏ రోజు?’’ అన్నారాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఇలాంటి సంగతి సందులో దాగుతుందా? ఇప్పుడు వారానికొకరైనా ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వస్తున్నారు. బాబాయి ఎవరికీ ముందుగా ‘ఇది కొను’ అని చెప్పరు. గోడకి తగిలించిన అట్టముక్క చూపిస్తారు. దాని మీద నాలుగు ప్రశ్నలున్నాయి. ఒకటి: నీ పెట్టెలోంచి బొమ్మ బయటికొచ్చే దార్లు ఎన్ని? రెండు: కన్నం పక్కన గుర్తేమిటి? మూడు: నీ తీగ చార్జింగుదా, బొమ్మదా? నాలుగు: అసలు నీ పెట్టె ఎన్ని తెరల్ని మోయగలదు?

నాలుగోది అందరూ మర్చిపోయేది. ల్యాప్‌టాప్ లోపలి గ్రాఫిక్స్ చిప్‌కి ఇన్ని తెరలే అన్న హద్దుంటుంది. సొంత తెర కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పక్కవీధి కుర్రాడు 2020 నాటి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ తెచ్చి, రెండో మానిటర్ రావట్లేదని మొత్తుకున్నాడు. కన్నాలు రెండున్నా, ఆ చిప్ నేరుగా నడిపించేది ఒక్క బయటి తెరనే. 2024లో వచ్చిన ఎం3 ఎయిర్ మూత మూస్తే రెండింటిని నడుపుతుంది, 2025 నాటి ఎం4కి మూత మూసే పని కూడా లేదు. ‘‘నీది సొంత పెట్టే కాబట్టి సాఫ్ట్‌వేర్ వేసుకునే యూఎస్‌బీ అడాప్టర్ నీకు పనికొస్తుంది’’ అని, మా అమ్మాయికి పనికిరాలేదంటూ ఆ అడాప్టర్ ఆ కుర్రాడికే ఇచ్చేశారు. డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. ‘‘బొమ్మొచ్చాక చూద్దాంలే’’ అన్నారు.

రేకుపెట్టె మళ్లీ అటకెక్కలేదు. అమ్మాయి పనిచేసుకునే టేబుల్ కిందే ఉంటోంది. మనవడు దాని మీద కూర్చుని, భూతద్దంలోంచి ఇంట్లో కనిపించిన ప్రతి కన్నాన్నీ పరీక్ష చేస్తున్నాడు. మొన్న మిక్సీ వెనక వెతికి, తాతయ్య దగ్గరికి పరిగెత్తుకొచ్చి చెప్పాడు:

‘‘తాతయ్యా, దీనికి గుర్తు లేదు. బొమ్మ రాదు!’’