అరుదైన చిత్రములు - మన పరీక్ష

తిరుపతివారమగు మాకు ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి సుప్రభాతముతోనే తెల్లవాఱును. ఆమె పాత చిత్రఖండములను కూర్చిన డాక్యుమెంటరీలను మేము శ్రద్ధతో చూచుచుందుము. అరుదైనవన్నంతనే మెచ్చుట తగదు. మూడు సంగతులు పరీక్షింపవలెను.

పెదవుల కదలికకును వినవచ్చు గానమునకును పొత్తు కుదిరినదా? మూగచిత్రముపై 1963 నాటి సుప్రభాతపు రికార్డు నతికించినచో నది యలంకారమే కాని సాక్ష్యము కాదు.

ఏ యేటిదో, ఏ యూరిదో తెలిపిరా? 1945 నాటి ‘మీరా’లోని నటనను నిజజీవితమువలె చూపరాదు.

పల్లవి ముగియకమున్నే వ్యాఖ్యాత గొంతు అడ్డుపడినదా? 1966లో ఐక్యరాజ్యసమితియందు పాడిరని పలుమాఱులు పొగడుటకన్న, ఒక్క కీర్తనమును తుదిదాక విననిచ్చుట మేలు.

ఆమె 2004లో కన్నుమూసిరి. మన బిడ్డలు ఆమెను చిత్రములందే చూడవలెను గదా! అందు కల్తీ కూడదు. బియ్యమున రాళ్లేఱు మనకు ఈ పరీక్ష కష్టమా?