పడిన పిన్నులను నిలబెట్టేదెవరు?

హైదరాబాదుకు తూర్పు వాకిలి ఎల్‌.బి.నగర్. పూర్తి పేరు లాల్‌బహదూర్ నగర్. మన ప్రధానమంత్రిగా పనిచేసిన లాల్‌బహదూర్ శాస్త్రిగారి పేరు అది. విజయవాడ రోడ్డూ, నాగార్జునసాగర్ రోడ్డూ ఇక్కడే కలుస్తాయి. ఒకప్పుడు ఇది వేరే మునిసిపాలిటీ. 2007 లో మహానగరంలో కలిసిపోయింది.

పిల్లలూ, ఇక్కడ మెట్రోరైలు ఎక్కండి. 2018 సెప్టెంబరు 24 నుంచి ఇది నడుస్తున్నది. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటితే మూడవ స్టేషను దిల్‌సుఖ్‌నగర్. లోపలికి వెళ్ళేటప్పుడు టిక్కెట్టు అడిగే మనిషి మీకు కనిపించడు. టిక్కెట్టు చూపగానే గేటు దానంతట అదే తెరుచుకుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే కింద రోడ్డు నిండా బస్సులు, బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఆ సందడి దాటి సందులలోకి తిరిగితే ఇళ్ళూ, వాకిళ్ళూ. ఇటువంటి సందులలోనే మీరు ఏడు పెంకులాట ఆడి ఉంటారు. హైదరాబాదులో దానినే పిట్టు అంటారు. బంతితో పెంకులు పడగొట్టడం ఒక క్షణం పని. అవతలి జట్టువాడు బంతితో కొట్టకముందే వాటిని తిరిగి పేర్చడమే అసలు ఆట!

ఇటువంటిదే బౌలింగ్ అనే ఆట. నగరంలోని కొన్ని పెద్ద మాల్స్‌లో ఈ ఆట ఉన్నది. నున్నని చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లిస్తారు. 60 అడుగుల దూరాన పది పిన్నులు త్రికోణంగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటి 15 అంగుళాల ఎత్తు, సుమారు కిలోన్నర బరువు. పక్కపక్క పిన్నుల మధ్య దూరం సరిగ్గా 12 అంగుళాలు. పడగొట్టినవాడు వాటిని నిలబెట్టడు. మరి ఎవరు నిలబెడతారు?

పూర్వం కుర్రవాళ్ళు నిలబెట్టేవారు. పిన్నుల వెనుక చిన్న గోతిలో కూర్చుని, బంతి రాగానే పక్కకు తప్పుకుని, పడిన పిన్నులు ఏరి మళ్ళీ పెట్టి, బంతిని వెనక్కు పంపేవారు. బంతి బరువు 16 పౌండ్ల దాకా ఉండవచ్చు. అంటే ఏడు కిలోలకు పైమాటే! ఎగిరిన పిన్ను కాలికి తగిలితే ఎంత దెబ్బ! అమెరికాలో లూయిస్ హైన్ అనే ఆయన 1900 తరువాతి సంవత్సరాలలో, అర్ధరాత్రి దాకా ఈ పని చేసే పిల్లలను ఫొటోలు తీశాడు. వాళ్ళు మీ ఈడువాళ్ళే. తెల్లవారితే బడిలో కునికిపాట్లు పడక ఏం చేస్తారు?

గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అనే ఆయన ఈ పనికి ఒక యంత్రం కనిపెట్టాడు. గాలిని పీల్చే గిన్నెల వంటి వాటితో అది పిన్నులను పట్టి ఎత్తేది. ఏ.ఎం.ఎఫ్. అనే కంపెనీ ఆ యంత్రాన్ని 1946 లో బఫెలో పట్టణంలో పదిమందికీ చూపింది. అది అప్పటికి ఇంకా అమ్మకానికి పనికిరాలేదు. మరి కొన్నేళ్ళు మార్పులు చేసిన మీదటనే 1950 తరువాత ఆటశాలలకు చేరింది. ఆ తరువాత బ్రన్స్‌విక్ కంపెనీ పోటీకి వచ్చింది. తరువాతి యంత్రాలలో గాలిగిన్నెలకు బదులు పిన్ను మెడను పట్టుకునే పట్టుకార్ల వంటి చేతులు వచ్చాయి.

ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుందో వినండి. బంతి తగలగానే ఒక అడ్డకర్ర కిందికి దిగి, మరొక బంతి రాకుండా కాపు కాస్తుంది. పైనుంచి ఒక బల్ల దిగి, ఇంకా నిలబడి ఉన్న పిన్నులను మెడ పట్టి పైకెత్తుతుంది. అడ్డకర్ర పడినవాటిని వెనక్కు ఊడ్చేస్తుంది. ఎత్తిన పిన్నులు తమ చోటికే దిగుతాయి. ఊడ్చినవి ఒక చక్రం మీదుగా పైకి ఎక్కి, ఒక్కొక్కటీ తన గూటిలో చేరి, తరువాతి వంతుకు సిద్ధంగా ఉంటాయి. అందుకే ఒక బాటకు పది పిన్నులు చాలవు; రెండు జట్లు కావాలి.

ఇన్ని భాగాలున్న యంత్రానికి చిక్కులూ ఎక్కువే. ఒక పిన్ను అడ్డం తిరిగితే ఆట నిలిచిపోతుంది. బాగుచేసే మేస్త్రీ ముందు కరెంటు ఆపాలి. లేకపోతే చేయి నలుగుతుంది. ఈ చిక్కులకు విరుగుడుగా దారాల యంత్రం వచ్చింది. ప్రతి పిన్ను తలకూ ఒక తాడు కట్టి, అన్నింటినీ పైకి లాగి, మళ్ళీ దింపుతారు. భాగాలు తక్కువ, ఖర్చు తక్కువ. కాని తాడు లాగడం వల్ల పిన్నులు పడే తీరు కొంచెం మారుతుంది. అందువల్ల 2023 లో అమెరికా బౌలింగ్ సంఘం ఈ ఆటను గుర్తించినా, దానిని వేరే విభాగంగానే ఉంచింది.

యంత్రం వచ్చి ఆ కుర్రవాళ్ళ కూలి పోయింది. ఆ కూలి వాళ్ళ ఇళ్ళకు అవసరమే. అయినా బడి ఈడు పిల్లవాడు అర్ధరాత్రి గోతిలో కూర్చోవడం ఎవరికి మంచిది?

మీరు ఎప్పుడైనా బౌలింగ్ చూస్తే, పిన్నులు పడగానే చప్పట్లు కొట్టి ఊరుకోకండి. తెర వెనుక జరిగే పనిని గమనించండి. ఇంటికి వచ్చాక ఏడు పెంకులను మాత్రం మీ చేతులతోనే పేర్చండి. ఆ పని యంత్రానికి ఇస్తే ఆటే ఉండదు!