సగం చెద్దరు

పోయిన డిసెంబరులో పుణె నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, పాపకు వేరే మంచం చేయించినం. వచ్చేటప్పుడు మన చెద్దర్లు తీసుకురా" అన్నాడు. మనవరాలికి నాలుగేండ్లు నిండాయి. అప్పటిదాకా అమ్మానాన్నల నడుమ పడుకునేది. ఇప్పుడు దాని మంచం దానికి.

మంచం ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని నేను అడగలేదు. సోలాపూర్‌లో పుట్టి పెరిగిన దానికి చెద్దరు తెమ్మంటే అడిగేదేముంది? పెద్దవి రెండు సంచిలో పెట్టుకొని రైలెక్కాను. అక్కడే తప్పు చేశాను. కొన్న పరుపుగుడ్డ విషయంలో మా కోడలు కూడా అదే తప్పు చేసింది. ఆ రెండు తప్పులు ఎట్లా సరిదిద్దుకున్నామో చెబుతాను. మీ ఇండ్లల్లో కూడా చిన్నపిల్లలుంటారు, సందుగల్లో పాత చెద్దర్లుంటాయి కాబట్టి.

ముందు మా ఇంటి సంగతి రెండు మాటలు. మా తాతలు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు. ఇక్కడ 1877లో మొదలైన మిల్లును ఊళ్ళో ఇప్పటికీ జూనీ మిల్లనే అంటారు. ఆ మిల్లులు, మగ్గాలు చూసుకొని మనవాళ్ళు వేల కుటుంబాలు సోలాపూర్ తూర్పు భాగానికి చేరాయి. మగవాళ్ళు మగ్గం మీద, ఆడవాళ్ళు బీడీల చాట ముందు. శ్రావణ పున్నమికి మార్కండేయుడి రథం కదిలితే వీధి వీధంతా తెలుగే వినబడుతుంది. మా ఇంట్లో నాలుగు సాంచెలుండేవి. పవర్‌లూమ్‌ను మేం సాంచె అనే అంటాం. మా ఇంటాయన వాటి మీద జకార్డు చెద్దర్లు నేసేవాడు. నెమళ్ళు, పూలు, రెండు పక్కలా కనబడే డిజైన్లు. మా కోడలిది భివండి. వాళ్ళూ మనవాళ్ళే, వాళ్ళవీ సాంచెలే. ఇంత నేతగాళ్ళ కుటుంబంలో ఒక చిన్నపిల్ల మంచానికి గుడ్డ కుదరకపోవడం చూడండి!

మంచం చూడముచ్చటగా ఉంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క పాప పడకుండా చిన్న అడ్డకట్ట, దిగడానికి కాళ్ళ వైపు ఖాళీ. కోడలు ఆన్‌లైన్‌లో రాకెట్ల బొమ్మలున్న ఎలాస్టిక్ షీటు తెప్పించింది. దాని మీద "సింగిల్" అని ఉంది. మనిషొక్కతే కదా, సింగిలే సరిపోతదని అనుకుంది. పరుపుకు తొడిగితే అంతా వదులు. పగలు సర్దితే రాత్రికి నడుమ కుప్ప అయ్యేది. పాప కాళ్ళు ఆ ముడతల్లో చిక్కుకునేవి.

నేను లోపల్లోపల నవ్వుకున్నాను. "బిడ్డా, ఈ మిషను గుడ్డలతోని కాదు, మన చెద్దరు చూడు" అని నా సంచి విప్పాను. 90 అంగుళాల వెడల్పు, 100 అంగుళాల పొడుగు చెద్దరు అది. ఇద్దరు పెద్దవాళ్ళు కప్పుకునేది. పాప మీద కప్పితే మంచం కనబడలేదు, పాప కూడా కనబడలేదు. గోడవైపు దోపాను, ఇటువైపు నేల దాకా వేలాడింది. ఆ వేలాడే బరువుకు తెల్లవారుజాము మూడింటికల్లా చెద్దరంతా కిందికి జారిపోయి, పాప చలికి ముడుచుకొని పడుకునేది. మూడో రాత్రి అది ఒంటేలుకని నిద్రమత్తులో దిగబోయి, వేలాడుతున్న చెద్దరు కాలికి చుట్టుకొని బోర్లా పడింది. మోకాలు కొట్టుకుపోయింది. "నాకీ మంచం వద్దు, నానమ్మ చెద్దరు కూడా వద్దు" అని ఏడ్చి మళ్ళీ అమ్మానాన్నల నడుమకు పోయింది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మోకాలు రెండు రోజుల్లో మానుతుంది. కానీ నానమ్మ చెద్దరంటే పడేసేదని పిల్ల మనసులో ఉండిపోతే?

మర్నాడు కోడలిని అడిగి టేపు తీసుకున్నాను. ముందు చేయాల్సిన పని అప్పుడు చేశాను. పరుపు పొడుగు 60 అంగుళాలు, వెడల్పు 30, మందం 4. అంటే అయిదడుగులు, రెండున్నర అడుగులు. మనకు దుకాణంలో దొరికే సింగిల్ పరుపులు 36 అంగుళాల వెడల్పు, 72 నుంచి 78 దాకా పొడుగు ఉంటాయి. సింగిల్ అంటే ఒక మనిషికని కాదు, ఒక పెద్ద మనిషికని. కోడలు కొన్న షీటు 75, 36ది. అడ్డం ఆరంగుళాలు, నిలువు పదిహేనంగుళాలు ఎక్కువ. కుప్ప పడక ఏమవుతుంది?

పిల్లల మంచాలకు ఒక లెక్కంటూ లేదు. వడ్లాయనతో చేయిస్తే గదిలో ఎంత చోటుంటే అంత. కాబట్టి ప్యాకెట్ మీద పేరు చూడొద్దు, అంకెలు చూడాలి. మంచాన్ని కాదు, పరుపును కొలవాలి. పొడుగు, వెడల్పు సరే, మందం చాలామంది వదిలేస్తారు. పరిచే గుడ్డకు లెక్క ఇది: పరుపు వెడల్పుకు రెండు మందాలు కలపాలి, రెండు పక్కలా కిందికి దోపడానికి ఆరేసి అంగుళాలు కలపాలి. మా పరుపుకు 30, దానికి 8, దానికి 12, మొత్తం 50. పొడుగు కూడా అట్లాగే 60, 8, 12, మొత్తం 80. ఇంట్లో 60, 90 అంగుళాల పాత కాటన్ దుప్పటి ఒకటుంది. మెత్తబడిన గుడ్డ. సందు చివరి టైలర్ దాన్ని 50, 80కి కోసి, నాలుగు మూలలు మందానికి తగ్గట్టు కుట్టి ఎలాస్టిక్ వేసి ఇచ్చాడు. పరుపుకు చర్మంలాగా పట్టుకుంది. రాకెట్ల షీటును కూడా అతనే తగ్గించి కుట్టాడు. పాప దాన్ని వదలనంటే!

మందం గురించి ఇంకొకటి. అబ్బాయి మెత్తగా ఉంటుందని దాని మీద ఇంకో పరుపు వేస్తానన్నాడు. వద్దన్నాను. పరుపు ఎంత లేస్తే అడ్డకట్ట అంత పొట్టిదవుతుంది. పిల్ల దొర్లితే ఆపేది ఆ అడ్డకట్టే కదా. పరుపుకూ మంచం చెక్కకూ నడుమ సందు కూడా చూడాలి. రెండు వేళ్ళకన్నా ఎక్కువ పట్టే సందు ఉంటే పరుపు చిన్నదైనట్టే.

ఇక కప్పేది. "పెద్దదే ఉండనీయండి అత్తమ్మా, పెరిగే పిల్ల కదా" అంది కోడలు. మనమంతా అట్లాగే అనుకుంటాం. గౌను ఒక సైజు పెద్దది, చెప్పులు ఒక సైజు పెద్దవి. పావడా అయితే మడత పెట్టి కుడతాం, ఏటేటా విప్పుతాం. పక్కగుడ్డకు ఆ లెక్క కుదరదు, నిద్రలో ఉన్న పిల్ల ఎత్తి పట్టుకొని నడవలేదు కదా అనుకున్నాను. ఆ రాత్రి పడుకున్నాక పావడా మడత మళ్ళీ గుర్తుకొచ్చింది. పక్కలకు పెద్దదైతేనే కదా పిల్ల పడింది. కాళ్ళ దిక్కు ఎంత పొడుగున్నా పరుపు కింద మడిచి దోపితే ఎవరికి అడ్డం?

అంత వెడల్పు చెద్దరు బజార్లో వెతకబుద్ధి కాలేదు. సందుగలో ఉన్నది గుర్తుకొచ్చింది.

మా సాంచెలు అమ్మేసి పన్నెండేండ్లయింది. సోలాపూర్ చెద్దరుకు జీఐ గుర్తింపు ఉంది, పేరుంది. కానీ సగం ధరకు పాలిస్టర్ రగ్గులు వచ్చాక మా వంటి చిన్న కార్ఖానాలకు ఆర్డర్లు నిలవలేదు. ఇనుము కింద తూకానికి అమ్మేముందు, మిగిలిన పడుగు మీద ఆయన చివరిగా ఒక చెద్దరు నేశాడు. ముదురు ఎరుపు. రెండు కొసలకూ నెమళ్ళ బారు, నడుమంతా చిన్న పూలు. అమ్మలేదు, వాడలేదు, నీళ్ళలో కూడా వేయలేదు. డాంబరు గోళీలేసి సందుగలో పెట్టాను. ఆయన పోయి అయిదేండ్లు. ఏడాదికోసారి తీసి ఎండలో వేసి మళ్ళీ మడిచి పెట్టడమే.

సంక్రాంతికి సిద్ధేశ్వర జాతర చూడటానికి అందరూ సోలాపూర్ వచ్చారు. అప్పటికే ఆ చెద్దరును ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉతికి ఆరేశాను. మా ఆయన అనే మాటే: "గుడ్డకు రెండు కొలతలుంటయి. మగ్గం మీదిదొకటి, నీళ్ళల్లకెల్లి తీసినంక ఇంకొకటి. రెండోదే నిజం." నూలు గుడ్డ కొన్నప్పుడు ఉతకకముందే కోసి కుట్టించారంటే మొదటి ఉతుకుకే పొట్టిదవుతుంది. మా చెద్దరు 90, 100 ఉండాల్సింది ఆరినాక 87, 96కు వచ్చింది. సరిగ్గా నడుమకు కోస్తే ఒక్కో ముక్క 48 వెడల్పు, 87 పొడుగు. కోసిన పక్క అంచు మడిచి కుడితే 47.

కత్తెర తీసేసరికి అబ్బాయి లేచి నిలబడ్డాడు. "బాపు నేసిన ఆఖరు చెద్దరు కోస్తవా? నీకేమైందమ్మా? వంద రూపాయలు ఎక్కువైనా కొత్తది కొంటం గదా!" కోడలు కూడా, "వద్దత్తమ్మా, మీరు దాచుకున్నది. పాపకు ఏదైనా ఒకటే" అంది. వాళ్ళ బాధ నాకు తెలియంది కాదు. నా చేయి కూడా ఆగింది.

"నీకు యాదుందా," అన్నాను అబ్బాయితో, "సాంచె మీద చెద్దర్లు ఒక్కొక్కటిగా దిగయి. ఒకదాని ఎనక ఒకటి బారుగా వస్తయి. నడుమ వదిలిన కాడ మీ బాపు కత్తెర పెట్టేటోడు. కోసినంకనే అది చెద్దరు. కోయకముందు అది ఉట్టి తాను. మీ బాపు రోజూ కోసిండు. కప్పుకునేటోల్లకు పనికొచ్చే కొలతకు కోసిండు."

అబ్బాయి ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, చెద్దరు జరగకుండా అటు కొస పట్టుకున్నాడు. ఇటు కొస కోడలు పట్టుకుంది. టేపు పెట్టి, సుద్దతో గీసి, పూల వరుస వెంట కోశాను. ఆయన నేత ఎంత గట్టిదంటే కత్తెర రెండుసార్లు మొరాయించింది. రెండు ముక్కలకూ ఒక్కో నెమళ్ళ బారు దక్కింది.

పుణె వెళ్ళి మంచం మీద వేసి చూశాం. 30 అంగుళాల పరుపు మీద 47 అంగుళాల గుడ్డ, రెండు పక్కలా జానెడు లోపే వేలాడింది. నేలకు తగలదు, కాలికి చుట్టుకోదు. నెమళ్ళ బారు గదివైపు వచ్చింది. ఛాతీ దాకా కప్పి, పాదాల వైపు మిగిలింది పరుపు కింద దోపాను. దాదాపు రెండు మూరలు. దోపినందుకు రాత్రి జారలేదు. పాప పెరిగిన కొద్దీ ఏటేటా కొంచెం కొంచెం బయటికి లాగుకోవచ్చు, పావడా మడత విప్పినట్టు. వెడల్పు మంచానికి, పొడుగు పిల్లకు. నాకు అరవై ఏండ్లకు తెలిసిన లెక్క ఇది.

మొదటి రాత్రి పాప నెమళ్ళు లెక్కపెట్టింది. మరాఠీలో మొదలుపెట్టి, "తెలుగుల చెప్పు బిడ్డా" అంటే ఒకటి, రెండు అని పది దాకా వచ్చింది. పదకొండు నేను చెప్పాను. పదమూడు దగ్గర నిద్రపోయింది. తెల్లారి చూస్తే దాని మంచంలోనే ఉంది, చెద్దరు కూడా మీదనే ఉంది.

రెండో సగం మళ్ళీ సందుగలోకి వెళ్ళింది. మా అమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. పుట్టబోయే బిడ్డ తొట్లెలో కప్పుతానని అంది. అప్పుడే కాదని చెప్పాను. ఏడాది లోపు పసిపిల్లల పక్కలో వదులు దుప్పటి గానీ దిండు గానీ పెట్టొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. మొహం మీద పడితే తీసుకోలేరు కదా. పరుపు గట్టిగా, పరిచిన గుడ్డ బిగుతుగా ఉండాలి. చలికి ఒంటి మీద బట్ట నిండుగా వేస్తే చాలు. బిడ్డ పెద్దదై, దాని మంచం దానికి వచ్చిన రోజున టేపు తీసుకొని నేనే వస్తానన్నాను.

మీ ఇంట్లో కూడా ఎవరో నేసిన చెద్దరు ఒకటి సందుగ అడుగున ఉండే ఉంటుంది. తీసి కొలవండి. ముందు పిల్ల పరుపు కొలవండి, తరువాత చెద్దరు. కుదిరితే కోయడానికి భయపడకండి.