మూడో వరుస

పద్నాలుగేళ్ల మా బండికి ఈ చలికాలం గడిచేలా లేదు. మిన్నెసోటా రోడ్ల మీద చల్లే ఉప్పుకి అడుగంతా తుప్పు పట్టింది. డాష్‌బోర్డు మీద తొలి పూజనాటి కుంకుమ మరక మాత్రం చెక్కు చెదరలేదు.

షోరూంలో నేను ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఆరా తీస్తుంటే, మా ఆవిడ నాన్నను మూడో వరుస సీట్లోకి ఎక్కించింది. టయోటా హైలాండర్‌లో మోకాళ్లు గడ్డానికి తగిలినంత పనయింది. 2024 మోడల్‌తో మొదలైన గ్రాండ్ హైలాండర్‌లో కాళ్లు చాపుకుని, "డులూత్ దాకా వస్తానమ్మా" అన్నారు. బేరం అక్కడే తెగింది.

ఒక్క మాట. నాలుగు చక్రాలకూ అందే శక్తి మంచులో బండిని కదిలిస్తుంది, ఆపదు. ఆపేది టైర్లే. 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుంటుంది. సన్‌రూఫ్ మానుకునైనా చలికాలపు టైర్లు కొనండి.