పిండికట్టు విప్పాక

గవర్నర్‌పేటలో మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి మడమ నరం తెగి వచ్చేవాళ్లలో ఆటగాళ్లు తక్కువ. లెట్రిన్ బేసిన్ పగిలి కాలు దిగబడినవాళ్లు, బైకు వెనక చక్రంలో కాలు పెట్టిన పిల్లలు, వరికోతల్లో కొడవలి తగిలినవాళ్లే ఎక్కువ. పింగాణీ పెంకు కోత పైకి చిన్నదిగానే ఉంటుంది. లోపల మాత్రం పిక్కనీ మడమ ఎముకనీ కలిపే టెండన్, ఒంట్లోకెల్లా బలమైనది, పూర్తిగా తెగిపోయి ఉండొచ్చు. అయినా పాదం కాస్త కిందికి వంగుతుంది. వేళ్లను వంచే టెండన్లు ఆ పని కొంత చేసిపెడతాయి. అది చూసి చర్మానికి నాలుగు కుట్లు వేసి పంపేస్తే, నెల తర్వాత కుంటుకుంటూ వస్తారు. రోగిని బోర్లా పడుకోబెట్టి పిక్క నొక్కి చూడాలి. పాదం కదలకపోతే తెగినట్టే. అర నిమిషం పట్టే పరీక్ష అది.

టెండన్ కుట్టాక వేళ్లు కిందికి వంచి మోకాలి కిందిదాకా పిండికట్టు వేస్తారు. రెండు మూడు వారాలకు కుట్లు తీసి, పాదాన్ని మెల్లగా మామూలు స్థితికి తెస్తారు. మొత్తమ్మీద ఆరు నుంచి ఎనిమిది వారాలు కట్టో బూటో ఉంటుంది. అది విప్పిన రోజున ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. నాకు భయం మొదలయ్యేది ఆ రోజునే. నొప్పి ఉండదు, అతుకు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మళ్లీ తెగే ప్రమాదం మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ.

కాళేశ్వరరావు మార్కెట్లో మూటలు మోసే ఒకాయన ఇల్లు చిట్టినగర్ కొండ మీద. ఇంటికి ఆటో పోదు, అన్నీ మెట్లే. "ఎట్టా ఎక్కేదమ్మా?" అన్నాడు.

"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు బాబాయ్, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. మడమ గాల్లో వేలాడకూడదు, పాదమంతా మెట్టు మీద ఆనాలి" అని మా క్లినిక్ మెట్ల మీదే చేయించాను. హవాయి చెప్పులు మాన్పించాం. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిపించి, చెప్పులు కుట్టేవాడి చేత మడమ కింద రబ్బరు పొరలు అంటించాం. వారం పది రోజులకు ఒక్కో పొర తీయించాం. రెండో చెప్పుకీ అంతే ఎత్తు పెట్టాలి, లేకపోతే నడుము పట్టేస్తుంది.

వాళ్లావిడ మంచి మనసుతోనే రోజూ కొబ్బరినూనె రాసి, పాదం బిగుసుకుపోయిందని వేళ్లు పట్టి పైకి లాగుతోంది. వెంటనే ఆపించాను. మడమ బిగుసుకుంటే తర్వాత నెమ్మదిగా వదిలించగలం. అతుకు సాగిపోతే వ్యాయామంతో మళ్లీ పొట్టి కాదు, అడుగు ముందుకు తోసే బలం పోతుంది. నూనె కూడా పుండు పూర్తిగా మానాకే, మచ్చ చుట్టూ వేలితో మెత్తగా రాయాలి. అక్కడ చర్మం కింద కండ ఉండదు కాబట్టి చీము పడితే నేరుగా టెండన్‌కే చేటు. షుగరున్నవాళ్లకూ సిగరెట్టు మానలేనివాళ్లకూ ఈ మాట పదేపదే చెబుతాను. పిక్క వాచి నొక్కితే నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా నా దగ్గరికి కాదు, సరాసరి పెద్దాసుపత్రికే పరుగెత్తాలి. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు.

ఎన్నాళ్లు పడుతుందని అడిగే కుర్రాళ్లకు క్రికెట్ బౌలర్ షమీ సంగతి చెబుతాను. 2024 ఫిబ్రవరిలో మడమ టెండన్‌కి ఆపరేషన్ అయితే, మధ్యలో మోకాలు వాచి, రంజీలో మళ్లీ బంతి వేసింది నవంబరులో. అన్ని సౌకర్యాలున్న మనిషికే అంత పట్టింది.

అవనిగడ్డ నుంచి వచ్చేవాళ్లకు ప్రతిసారీ బస్సు ఛార్జీలు, ఇద్దరి కూలీ దండగ. రెండుసార్లు వచ్చి మానేస్తారు. వాళ్లని తప్పుపట్టను. అందుకే మొదటి రోజే నెలకు సరిపడా వ్యాయామం నేర్పి, ఫోన్లో చేసి చూపించమంటాను. గొంతుక్కూర్చోవడం అన్నిటికన్నా చివర. అప్పటిదాకా కమోడ్ కుర్చీ తప్పదు.

మార్కెట్ బాబాయ్ మొదట కిటికీ ఊచలు పట్టుకుని రెండు మడమలూ కలిపి ఎత్తేవాడు. ఒంటికాలి మీద ఇరవైసార్లు ఎత్తి దించగలిగితేనే మూట సంగతి మాట్లాడదాం అన్నాను. అక్కడికి చేరేసరికి ఏడాది దగ్గరపడింది. అన్నాళ్లూ మేస్త్రి ఆయన్ని కాటా దగ్గర కూర్చోబెట్టి సగం కూలీ ఇచ్చాడు.