ముద్ద దిగని పిల్లలు

పిల్లల డాక్టర్ల దగ్గర రోజూ వినిపించే ఫిర్యాదు “మా వాడు ఏమీ తినడండీ” అన్నది. ఇలా వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి జబ్బేమీ ఉండదు. పుట్టినప్పటి బరువుకు ఏడాది నిండేసరికి మూడింతలయ్యే బిడ్డ, రెండో ఏడంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల వేగం తగ్గితే ఆకలీ తగ్గుతుంది. నిన్నటిదాకా గిన్నె ఖాళీ చేసిన బిడ్డ ఇవాళ నాలుగు ముద్దలకే తల తిప్పుకుంటే ఇంట్లో కంగారు మొదలవుతుంది. ఆ కంగారే ఆకలి టానిక్కుల వ్యాపారానికి పెట్టుబడి. ఆ సిరప్‌లలో తరచూ కనిపించే సైప్రోహెప్టడిన్ నిజానికి అలర్జీ మందు. దాంతో ఆకలి కొంత పెరిగినా, మగత కూడా వస్తుంది. ఎదుగుదల పట్టికలో బరువు, ఎత్తు తన గీత వెంబడే సాగుతూ, ఆడుతూ పాడుతూ ఉన్న బిడ్డకు మందుతో పనిలేదు.

అసలు చిక్కు వేరే ఉంటుంది. వయసుకు తగ్గట్టు తినలేకపోవడం కనీసం రెండు వారాలు సాగి, దానికి ఒంట్లో జబ్బు, పోషకాల లోటు, నమిలి మింగే నేర్పు లేకపోవడం, తిండి చుట్టూ అలుముకున్న భయం లేదా గొడవ అనే నాలుగింటిలో ఏ ఒక్కటి తోడైనా దాన్ని ఆహార సమస్యగా గుర్తించాలని 2019లో వైద్య నిపుణులు ఒక నిర్వచనానికి వచ్చారు. మారాం అన్న మాట ఈ నాలుగింటిలో లేదు. బిడ్డ నోరు మూసుకోవడానికి చాలాసార్లు ఒక కారణం ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా చేసే చికిత్స నిలవదు.

తినడం పుట్టుకతో పూర్తిగా వచ్చే విద్య కాదు. పాలు చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం మూడూ ఒక లయలో కుదరాలంటే గర్భంలో సుమారు 34 వారాలు నిండాలి. అందుకే అంతకుముందే పుట్టిన పిల్లలకు మొదట్లో గొట్టం ద్వారా పాలు పట్టాల్సి వస్తుంది. ఆరో నెలకు మెడ నిలిచి, ఆసరాతో కూర్చోవడం వస్తుంది. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేసే గుణం తగ్గుతుంది. ఆ తర్వాత నాలుక పక్కలకు కదిలి, ముద్దను చిగుళ్ల కిందికి తోయడం నేర్చుకుంటుంది. ఈ సాధన జరగాల్సిన నెలలు కొన్నే. పలుకులున్న ఆహారం తొమ్మిది, పది నెలలు దాటినా మొదలుపెట్టకపోతే ఆ పిల్లలు తర్వాత ముద్ద తినడానికి మొరాయించే అవకాశం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇక్కడే మిక్సీ అడ్డొస్తుంది. ఉదాహరణకు ఒక రెండున్నరేళ్ల బాబు, నోటినిండా పళ్లు. పప్పన్నం మిక్సీలో తిప్పి పెడితే గటగటా మింగుతాడు. అదే పప్పన్నం చేత్తో మెదిపి పెడితే ఓకరిస్తాడు, లేదా బుగ్గన పెట్టుకుని అరగంట అలాగే కూర్చుంటాడు. గొంతుకు అడ్డం పడుతుందేమోనన్న భయంతో తల్లి మళ్లీ మిక్సీ దగ్గరికే వెళుతుంది. పక్కనుంచి చూస్తే సంగతి తెలుస్తుంది: వాడి నాలుక ముందుకూ వెనక్కూ తప్ప పక్కకు కదలడం లేదు. ఇలాంటి బిడ్డకు తినడం నేర్పే థెరపిస్టు చేసే పని చూడటానికి చాలా చిన్నది. మెత్తని ఇడ్లీ ముక్కను చిటికెన వేలంత పొడవుగా తుంచి, నాలుక మధ్యలో కాకుండా పక్క దవడ పళ్ల మీద పెడతారు. దవడ దానంతట అదే కదులుతుంది, నాలుక ఆ వైపుకు వెతుక్కుంటూ వస్తుంది. ఒకవైపు కుదిరాక రెండోవైపు. తర్వాత ఉడికించిన క్యారెట్, ఆపైన మెత్తని చపాతీ ముక్క. ఇంట్లో మిక్సీ తిప్పే సమయాన్ని వారం వారం కాస్త తగ్గించుకుంటూ వస్తారు. ఓకరింపు కూడా మెల్లగా తగ్గుతుంది. ఓకరించడం గొంతుకు రక్షణ. దాన్ని ఊపిరాడకపోవడంగా పొరబడకూడదు.

మింగుడు దెబ్బతిన్న పిల్లల కథ ఇంతకంటే బరువైనది. మెదడు దెబ్బతిని సెరిబ్రల్ పాల్సీ వచ్చిన పిల్లల్లో చాలామందికి మెడ, నోటి కండరాలు స్వాధీనంలో ఉండవు. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉగ్గు పోసే అలవాటు మామూలు పిల్లలకే మంచిది కాదు, వీళ్లకు ప్రమాదం. ఆహారం గొంతు దాటి ఊపిరితిత్తుల వైపు పోతుంది. ప్రతిసారీ పొలమారి దగ్గు రావాలనేమీ లేదు. కొందరిలో చడీచప్పుడు లేకుండానే దిగుతుంది. మాటిమాటికీ న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరే బిడ్డను ముందు తినేటప్పుడు చూడాలి. అవసరమైతే మింగే తీరును ఎక్స్‌రే కింద కదిలే బొమ్మగా చూసే పరీక్ష చేయిస్తారు. వీపు నిటారుగా, మెడ కాస్త ముందుకు వంగి, పాదాలకు ఆసరా ఉండేలా కూర్చోబెట్టడం, పలచటి ద్రవాలను బిడ్డకు తగినంత చిక్కన చేయడం, లోతు తక్కువ చెంచాతో కొద్దికొద్దిగా పెట్టి మింగేదాకా ఆగడం వంటివాటితోనే చాలామందికి తేడా తెలుస్తుంది. అవి చాలని పిల్లలకు పొట్టలోకి నేరుగా గొట్టం అమర్చాల్సి రావచ్చు. తల్లిదండ్రులు దాన్ని ఓటమిగా తీసుకుంటారు. గంటల తరబడి ఏడిపిస్తూ పెట్టే తిండి కన్నా ఆ గొట్టమే దయగలది.

థెరపీ అక్కర్లేని సమస్యలూ ఉంటాయి. “పాలు తప్ప ఇంకేమీ ముట్టడండీ” అని తీసుకొచ్చే పిల్లల్లో కొందరు రోజుకు లీటరు దాకా పాలు తాగుతుంటారు. పాలలో ఇనుము చాలా తక్కువ. కడుపు నిండుతుంది, రక్తం తగ్గుతుంది. రక్తహీనత వల్ల ఆకలి ఇంకా చస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. పాలు అర లీటరులోపుకు తగ్గించి, ఇనుము మందు ఇస్తే కొద్ది వారాల్లోనే బిడ్డ కంచం వైపు చూస్తాడు. మలబద్ధకం కూడా ఆకలిని ఇలాగే చంపుతుంది. దాని గురించి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

భయం సంగతి వేరు. ముక్కు మూసి నోట్లో పోయించుకున్న బిడ్డ చెంచాను చూడగానే ఏడుస్తుంది. ఆటిజం ఉన్న కొందరు ఒకే రంగు, ఒకే కరకర, ఒకే కంపెనీ బిస్కెట్టు తప్ప ఒప్పుకోరు. వీళ్లను ఆకలితో మాడిస్తే దారికొస్తారన్న సలహా తప్పు. నిజంగానే తినకుండా నీరసపడిపోతారు. బిడ్డ ఒప్పుకున్నదాని నుంచే అడుగులు వేయాలి. బిస్కెట్టు నుంచి మరో కంపెనీ బిస్కెట్టు, అక్కణ్నుంచి కరకరలాడే దోసె అంచు, తర్వాత మెత్తని దోసె. కొత్త పదార్థాన్ని మొదట కంచం పక్కన ఉండనిస్తారు, తర్వాత ముట్టుకోనిస్తారు, వాసన చూడనిస్తారు, నాకి ఉమ్మేయనిస్తారు. మామూలు పిల్లలకే కొత్త రుచి అలవాటు కావడానికి పది, పదిహేను సార్లు పట్టవచ్చు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల నిర్ణయం, ఎంత తినాలన్నది బిడ్డ నిర్ణయం అని అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ చెప్పిన పద్ధతి మన ఇళ్లలో అందరికన్నా ముందు నాయనమ్మలకు మింగుడుపడదు. వాళ్లను కూడా కూర్చోబెట్టి చెప్పకపోతే థెరపీ గదిలో నేర్పింది వంటింట్లో చెరిగిపోతుంది. ఫోన్ చూపిస్తూ తినిపిస్తే ముద్దలు దిగుతాయి గానీ, ఆకలి, కడుపు నిండటం అన్నవి బిడ్డకు తెలియకుండా పోతాయి.

ఈ పని స్పీచ్ థెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, డైటీషియన్, పిల్లల డాక్టరు కలిసి చేసేది. వారాలు, నెలలు పడుతుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాలు ఎదుగుదల లోపాలున్న పిల్లలకు ఉచితంగా సేవలందిస్తాయి. తినేటప్పుడు తరచూ పొలమారే బిడ్డ, పెదవులు నీలబడే బిడ్డ, బరువు పెరగని బిడ్డ, ఏడాది దాటినా మెత్తటి ముద్దను కూడా మింగలేని బిడ్డ ఇంట్లో ఉంటే టానిక్ సీసా పక్కన పెట్టి, వెంటనే పరీక్ష చేయించండి.