బాద్ షాండావ్‌లో మూడు గంటలు

ఒత్తులు తప్పితే సర్దుకోండి. టెన్త్ తర్వాత తెలుగులో ఇంత పెద్దగా రాయడం ఇదే మొదటిసారి.

మొన్న సమ్మర్‌లో పది రోజులు జర్మనీ వెళ్ళాను. మా అక్క డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చేస్తోంది. ఫ్లైట్ టికెట్ తనే కొంది. స్కాలర్‌షిప్ డబ్బులు మిగిలాయని అమ్మకి చెప్పింది. ఆ శని, ఆదివారాలు ప్రేగ్ చూసొద్దామని ప్లాన్. రెండున్నర గంటల్లో వేరే దేశం! మా ఊరి నుంచి హైదరాబాద్ వెళ్ళడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

ట్రైన్ ఎల్బ నది పక్కనే వెళ్తుంది. అవతలి గట్టున ఇసుకరాతి కొండలు. నేను వీడియో తీస్తూనే ఉన్నాను. జర్మనీ వైపు ఆ ట్రైన్‌కి చివరి స్టాప్ అయిన బాద్ షాండావ్‌లో ఆగింది. ఇంక కదల్లేదు.

అనౌన్స్‌మెంట్ అంతా జర్మన్‌లో. నాకు ఒక్క మాటే దొరికింది, ఫెర్‌ష్పేటుంగ్. ఆలస్యం అని అక్క చెప్పింది. సిగ్నల్ ప్రాబ్లమ్ అట. ముందు పది నిమిషాలన్నారు, తర్వాత పాతిక, తర్వాత గంట. పెద్ద ఫైల్ కాపీ చేస్తుంటే టైమ్ తగ్గకుండా పెరుగుతుంది చూడండి, అచ్చం అలా. మన దగ్గర ఔటర్‌లో ఆపేస్తే కనీసం పల్లీలమ్మే అతనైనా వస్తాడు. ఇక్కడ అందరూ పుస్తకాలు తీసి చదువుకుంటున్నారు.

నేను సణుగుతూనే ఉన్నాను. కోట మూసేస్తారు, హాస్టల్ డబ్బులు దండగ, ఇలా. అక్క మాట్లాడట్లేదేంటని చూస్తే కూర్చునే నిద్రపోయింది. మా అక్క బస్సులో కూడా నిద్రపోయేది కాదు. చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళ నిండా సన్నటి గాట్లు, రెండు చోట్ల ప్లాస్టర్.

లేచాక అడిగాను.

"అట్టపెట్టెలురా. అంచులు కోసుకుంటాయి."

"ఏ పెట్టెలు?"

గోడౌన్‌లో నైట్ షిఫ్ట్ అట. పార్సిళ్ళు సర్దడం. స్టూడెంట్స్‌కి ఏడాదికి 140 రోజులే పని చేసే వీలుంది, అందుకని సెలవుల్లో ఎక్కువ చేస్తోందట. స్కాలర్‌షిప్ అసలు రానే లేదు. నా టికెట్ ఆ పెట్టెల డబ్బే.

నాకేం అనాలో తెలియలేదు. "హాస్టల్ డబ్బులు దండగ" అని అరగంట క్రితమే అన్నాను కదా. తను డబ్బా తీసి చపాతీ, టమాటా పచ్చడి పెట్టింది. "రెండు గంటలు దాటితే సగం టికెట్ డబ్బులు వెనక్కిస్తారు. ఇంకో పది నిమిషాలు ఆగితే చాలు" అంది, సీరియస్‌గా వాచీ చూస్తూ. ఇద్దరికీ నవ్వొచ్చింది. ట్రైన్ కదలకూడదని కోరుకున్నది ఆ బోగీలో మేమిద్దరమే అయ్యుంటాం.

అప్పుడే అమ్మ వీడియో కాల్. అక్క చపాతీ డబ్బా కింద చేతులు పెట్టుకుంది.

"అక్క చిక్కిందారా? సరిగ్గా తింటోందా?"

"లేదమ్మా, బానే ఉంది. మేం ట్రైన్‌లో ఉన్నాం."

ఇంట్లో అబద్ధం దొరక్కుండా చెప్పడం నాకు చేతకాదు. ఆ రోజు ఎలాగో వచ్చేసింది.

ప్రేగ్ చేరేసరికి సాయంత్రం ఆరున్నర. కోట లోపలికి వెళ్ళే టైమ్ అయిపోయింది. చార్లెస్ బ్రిడ్జి మీద ఒక ఫోటో దిగి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాం. అందులో అక్క చేతులు రెండూ జాకెట్ జేబుల్లో ఉంటాయి. అంత ఎండాకాలంలో జాకెట్ ఏంటే అని అమ్మ అడిగింది. చలిగా ఉందని నేనే టైప్ చేశాను.